ఢీకొన్నప్పుడు ఓడిపోవలసింది మన ప్యాకేజీయే

లినక్స్ యంత్రంలో ఏదో ఒక ప్రోగ్రామును సోర్స్ కోడు నుంచి సొంతంగా కంపైల్ చేసి పెట్టుకున్న ప్రతివారికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. రేపు అప్‌డేట్ నడిచినప్పుడు డిస్ట్రోవారి (డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలవారి) ప్యాకేజీ వచ్చి మనం కట్టుకున్నదాన్ని తుడిచిపెట్టకుండా ఏం చేయాలి? దీనికి దొరికే సలహాలు దాదాపు అన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి. ఆ ప్యాకేజీ మారకుండా హోల్డ్ పెట్టమంటారు, లేదా దానికే మొగ్గు దక్కేటట్లు పిన్ ప్రయారిటీ 1001 ఇవ్వమంటారు, అదీ కాకుంటే వెర్షన్ అంకెకు ముందు, మిగతా అంకెలన్నిటినీ దాటేసే ఎపోక్ అనే సంఖ్య తగిలించమంటారు. డెబియన్ విడుదల పత్రాలు సైతం, ఒక ప్యాకేజీని మార్చి తిరిగి కంపైల్ చేసుకొని, పేరు మార్చకుండా, ఎపోక్ పెట్టకుండా వాడుకుంటున్నవారు అది అప్‌గ్రేడ్ కాకుండా హోల్డ్ పెట్టి తీరాలని చాలా విడుదలలుగా చెబుతూ వస్తున్నాయి. మనం కట్టుకున్నదే ఎప్పుడూ గెలవాలన్న భావన ఈ సలహాలన్నిటి వెనుకా ఉంది. నేను దానికి సరిగ్గా ఎదురుగా వాదిస్తాను. డిస్ట్రో ప్యాకేజీ, మన ప్యాకేజీ ఒకే పేరు మీద పోటీపడినప్పుడు ఓడిపోయేది మనదే అయ్యేటట్లు ముందుగానే అమర్చుకోవాలి.

దీనికి కారణం నష్టాల స్వభావంలో ఉంది. నేను ఒక ప్రోగ్రాములో చేసుకున్న సవరణ అప్‌డేట్ వల్ల పోయిందనుకుందాం. ఆ సవరణ నాకు నిజంగా అవసరమైనదైతే, అది పోయిన సంగతి పని మొదలుపెట్టిన గంటలోనే తెలుస్తుంది. మళ్ళీ కట్టుకుంటాను, ఒక పూట పోతుంది. అలా కాక, నా ప్యాకేజీ గెలిచి, దాని మూలంగా ఒక భద్రతా సవరణ ఆగిపోయిందనుకుందాం. ఆ సంగతి నాకు చెప్పేవాడెవడూ ఉండడు. ప్రోగ్రాము ఎప్పటిలాగే నడుస్తుంది, తెర మీద ఏ తేడా కనిపించదు, నెలలు గడిచిపోతాయి. వెంటనే కనిపించే చిన్న నష్టాన్ని తప్పించుకోవడానికి, ఎన్నటికీ కనిపించని పెద్ద నష్టాన్ని ఒప్పుకోవడమే మనం హోల్డ్ పేరిట చేసే బేరం.

నేను కడపలో ఉండి, పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లను యూనికోడ్ పాఠంగా మార్చే పని చేస్తుంటాను. దానికి వాడేది టెసెరాక్ట్. 1985 నుంచి 1994 వరకు హ్యూలెట్-పాకార్డ్ ప్రయోగశాలల్లో రూపొంది, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ ప్రోగ్రాము, 2018లో వచ్చిన 4వ వెర్షన్‌తో న్యూరల్ పద్ధతికి మారిన తర్వాతనే తెలుగు వంటి లిపులకు చెప్పుకోదగినంతగా పనికివచ్చింది. 5వ వెర్షన్ 2021 నవంబరులో వెలువడింది. ఆ తర్వాత అయిదు నెలలకు వచ్చిన ఉబుంటు 22.04లో మాత్రం 4.1.1 మాత్రమే ఉంది. ఇటువంటి ఎడం కనిపించినప్పుడు మనిషికి కంపైల్ చేసుకోవాలనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. పైగా అరసున్నలూ బండి ఱలూ నిండిన పాత అచ్చు పేజీలకు సొంతంగా శిక్షణ ఇచ్చుకునేవారికి, తెలుగు అక్షరాల వరుసను సరిచూసే భాగంలో ఒకటి రెండు చోట్ల మార్పు చేసుకోవలసిన అవసరం నిజంగానే కలగవచ్చు. నా దగ్గరా అటువంటి చిన్న సవరణ ఒకటి ఉంది. కాబట్టి సొంతంగా కట్టుకోవడమే తప్పని నేను అనడం లేదు.

అయితే కట్టుకునేవారిలో చాలామందికి ఆ అవసరం లేదని మాత్రం అంటాను. ఎక్కువమంది మోసపోయేది అంకెల దగ్గర. ఒక ఉదాహరణ చెబుతాను. స్కాన్ చేసిన బొమ్మలను టెసెరాక్ట్ నేరుగా చదవదు. లెప్టోనికా అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడు) ద్వారా చదువుతుంది. ఆ లెప్టోనికా పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్, వెబ్‌పీ బొమ్మల కోసం వాటి వాటి లైబ్రరీల మీద ఆధారపడుతుంది. 2023 సెప్టెంబరులో ఆ వెబ్‌పీ లైబ్రరీలో చాలా ప్రమాదకరమైన రంధ్రం బయటపడింది. ఒక దుర్బుద్ధి బొమ్మను తెరిస్తే చాలు, యంత్రం పరాధీనమయ్యే వీలుండేది. అప్పటికే దాన్ని వాడుకుంటున్నవారు కూడా ఉన్నారు. మూల రచయితలు 1.3.2 వెర్షన్‌లో దాన్ని పూడ్చారు. డెబియన్ 12లో అప్పుడు ఉన్నది 1.2.4. డెబియన్‌వారు 1.3.2కు మారలేదు, ఆ ఒక్క సవరణను వెనక్కి తెచ్చి 1.2.4కే అతికించి, 1.2.4-0.2+డెబ్12యూ1 అన్న వెర్షన్‌గా విడుదల చేశారు. అంకెను మాత్రమే చూసేవాడికి అది పాతదిగానే, చిల్లులున్నదిగానే కనిపిస్తుంది. అతడు 1.3.2ను తెచ్చి చేతితో కంపైల్ చేసి పెట్టుకుంటాడు. ఆ రోజుకు అతడికి నష్టమేమీ జరగదు. కానీ ఆ క్షణం నుంచి ఆ లైబ్రరీకి వచ్చే ప్రతి సవరణకూ బాధ్యుడు తానే అయిపోతాడు, ఆ సంగతి తెలియకుండానే. స్థిరమైన డిస్ట్రోలో వెర్షన్ అంకె పాతబడి ఉండటం నిర్లక్ష్యానికి గుర్తు కాదు, అది వాళ్ళ పద్ధతి. కొత్త అంకె కూడా దానంతట అది భరోసా కాదు: 2024లో ఎక్స్‌జెడ్ కుదింపు పరికరంలోకి దొంగదారి చొప్పించినప్పుడు దెబ్బతిన్నవి అప్పటికి సరికొత్తవైన 5.6.0, 5.6.1 వెర్షన్లే, డెబియన్ స్థిర విడుదలలో ఉన్న పాతది క్షేమంగా ఉంది. నిజంగా కొత్త సౌకర్యమే కావలసివస్తే, కంపైలర్ జోలికి పోయే ముందు, స్థిర విడుదలకు కొత్త వెర్షన్లను అందించే బ్యాక్‌పోర్ట్స్ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ)లో ఉందేమో చూడటం మేలు.

ఇక నిజంగా కట్టుకోవలసి వచ్చిందే అనుకుందాం. చాలామంది చేసేది ఏమిటంటే, సోర్స్ కోడు దించుకొని, కాన్ఫిగర్ నడిపి, మేక్ ఇన్‌స్టాల్ అని కొట్టడం. దానివల్ల ఫైళ్ళన్నీ /యూఎస్ఆర్/లోకల్ కిందకు చేరతాయి. ఆ చోటు యంత్రపు యజమానిది. డిస్ట్రో ప్యాకేజీలు అక్కడ ఫైళ్ళు పెట్టకూడదని డెబియన్ నియమావళే చెబుతుంది. కాబట్టి అప్‌డేట్ వచ్చినా అక్కడున్నది చెరిగిపోదు. ఇది విని, సమస్య తీరిపోయింది కదా అనుకుంటారు. ప్రోగ్రాముల విషయంలో అది సగం నిజం. లైబ్రరీల విషయంలో మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

డెబియన్, ఉబుంటులలో ప్రోగ్రాములు లైబ్రరీల కోసం వెతికే దారుల వరుసలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందుంటుంది, డిస్ట్రో లైబ్రరీలుండే చోటు తర్వాత వస్తుంది. ఫెడోరాలో ఆ లోకల్ దారి మొదటి నుంచీ జాబితాలోనే ఉండదు. అందుకే అక్కడ రాసిన సలహాను ఇక్కడ పాటిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఈ వరుస వల్ల, చేతితో పెట్టిన ఒక్క లైబ్రరీ ఆ ఒక్క ప్రోగ్రాముకే కాక, అదే పేరు గల లైబ్రరీని వాడే యంత్రంలోని సమస్త ప్రోగ్రాములకూ వడ్డించబడుతుంది. కడపలో నాకు తెలిసిన ఒక డీటీపీ కేంద్రంలో, అక్కడ మునుపు పనిచేసి వెళ్ళిపోయిన ఒకరు, తెలుగు ఒత్తులు ఒక ఫాంటులో సరిగా కూర్చోవడం లేదని హార్ఫ్‌బజ్ లైబ్రరీని తెచ్చి లోకల్‌లో పెట్టారు. అక్షరాలను ఫాంటులోని ఆకృతులుగా కూర్చేది ఆ లైబ్రరీయే. పాంగో మొదలుకొని లిబ్రేఆఫీస్ దాకా దాని మీదే నడుస్తాయి. అప్పటికి అది డిస్ట్రోవారి దానికంటే కొత్తది. కొన్నాళ్ళకు డిస్ట్రో తర్వాతి విడుదలకు మారింది. దానితో వచ్చిన హార్ఫ్‌బజ్ లోకల్‌లో ఉన్నదానికంటే కొత్తదయింది, పాంగో ఆ కొత్తదానిలోని ఫంక్షన్లను అడగడం మొదలుపెట్టింది. ముందు తగిలేది మాత్రం లోకల్‌లోని పాతదే. ఫలానా సింబల్ దొరకలేదన్న సందేశంతో తెరమీది కిటికీలేవీ తెరుచుకోవడం మానేశాయి. "నిన్న బాగనే ఉండె గదన్నా, పొద్దన్నే ఇట్ల జేసె" అని ఆ కేంద్రం యజమాని ఫోన్ చేశారు. ఎల్‌డీడీ అనే చిన్న ఆదేశంతో ఏ ప్రోగ్రాము ఏ చోటు నుంచి లైబ్రరీ తెచ్చుకుంటున్నదో చూస్తే విషయం తేలిపోయింది. ఆ ఫైలు ఏ ప్యాకేజీదని, ప్యాకేజీల లెక్క ఉంచే డీపీకేజీని అడిగితే, అటువంటి దారి తనకు తెలియదని జవాబిచ్చింది. చెరిపివేసి, లైబ్రరీల జాబితాను తాజాపరిచే ఎల్‌డీకాన్ఫిగ్ నడపడంతో పని ముగిసింది. కానీ చెరపవలసిన ఫైళ్ళ జాబితా ఎక్కడా లేదు. తేదీలు చూసి ఏరుకోవలసి వచ్చింది. మేక్ ఇన్‌స్టాల్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే, అది లెక్క రాయదు.

అందువల్ల కట్టే ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలని నేనంటాను: యంత్రంలో మరేదైనా దీని మీద ఆధారపడుతుందా? ఆధారపడనిదైతే, అంటే కేవలం నేను నడిపే ప్రోగ్రాము మాత్రమే అయితే, దాన్ని డిస్ట్రో ప్యాకేజీతో పోటీకే పెట్టకూడదు. /ఆప్ట్ (opt) అనే చోటు కింద దాని పేరున ఒక డైరెక్టరీ చేసి, దాని లైబ్రరీలతో సహా అందులోనే ఉంచి, పూర్తి దారి ఇచ్చి పిలుచుకోవాలి. పైథాన్ పనిముట్లయితే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఉంది, మరీ క్లిష్టమైనవైతే కంటెయినర్ ఉంది. అప్పుడు రెండు టెసెరాక్ట్‌లు ఒకే యంత్రంలో ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. మరేదైనా దాని మీద ఆధారపడేటట్లయితే, దాన్ని డిస్ట్రోకు అర్థమయ్యే రూపంలో, అంటే సరైన ప్యాకేజీగా, సరైన వెర్షన్ అంకెతో అప్పగించాలి. ఈ రెంటికీ నడుమ ఉన్న మార్గం, అంటే లోకల్‌లో లైబ్రరీ పెట్టి మరచిపోవడం, ఏ సందర్భంలోనూ సమర్థనీయం కాదు.

ప్యాకేజీగా చేయడం అనగానే భయపడేవారున్నారు. అది ఒకప్పటి మాట. డిస్ట్రోలో ఇప్పటికే ఉన్న ప్యాకేజీకి చిన్న సవరణ చేయడానికి, ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఆప్ట్ (apt) పరికరపు సోర్స్ ఆదేశంతో దాని మూలాన్ని, డెబియన్‌వారి నిర్మాణ సూచనలను కలిపి దించుకోవచ్చు. బిల్డ్-డెప్‌తో కావలసిన సరంజామా వచ్చి చేరుతుంది. సవరణను ప్యాచ్ (మార్పులు మాత్రమే ఉండే ఫైలు)గా చేర్చి, చేంజ్‌లాగ్‌లో కొత్త వెర్షన్ రాసి, డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ నడిపితే డెబ్ ఫైళ్ళు, అంటే డెబియన్ ప్యాకేజీలు, తయారవుతాయి. వాటిని ఒక డైరెక్టరీలో పెట్టి, జాబితా ఫైలు ఒకటి తయారుచేసి, ఆప్ట్‌కు రిపాజిటరీగా చూపించవచ్చు. మేక్ ఇన్‌స్టాల్‌ను పట్టుకొని డెబ్‌గా మార్చే చెక్‌ఇన్‌స్టాల్ వంటివి కూడా ఉన్నాయి గానీ, అవి ఫైళ్ళ లెక్క మాత్రమే రాస్తాయి, ఏది దేని మీద ఆధారపడుతుందో తెలుసుకోవు.

అసలు మెలిక వెర్షన్ అంకెలో ఉంది. దాని గురించి కొంచెం నిలిచి చెప్పాలి, ఎందుకంటే గెలుపోటములు తేలేది అక్కడే. డెబియన్ పద్ధతిలో వెర్షన్ రాతలను ఎడమ నుంచి కుడికి, అంకెలు కాని ముక్కను అక్షరక్రమంలోను, అంకెల ముక్కను సంఖ్యగాను పోల్చుతారు. టిల్డా (~) గుర్తు అన్నిటికంటే, చివరికి ఏమీ లేకపోవడం కంటే కూడా చిన్నది. ప్లస్ గుర్తు ఏమీ లేకపోవడం కంటే పెద్దది. కాబట్టి 1.2.4-0.2 అన్న వెబ్‌పీ లైబ్రరీకి నేనొక సవరణ చేర్చి, చివర టిల్డాతో నా గుర్తు తగిలిస్తే, అది మూలం కంటే చిన్నదై తర్వాతి అప్‌గ్రేడ్‌లోనే చెరిగిపోతుంది. ప్లస్‌తో తగిలిస్తే మూలం కంటే పెద్దదై నిలుస్తుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. మూలం కంటే పెద్దదైన నా ప్యాకేజీ, రేపు వచ్చే భద్రతా సవరణ కంటే కూడా పెద్దదా, చిన్నదా అన్నది ఎవరూ చెప్పరు.

నేను కడపవాణ్ణి కనుక సహజంగా చివర +కడప1 అని, యంత్రంలో ఇంగ్లీషు అక్షరాలతో, పెట్టుకున్నాననుకోండి. డెబియన్ భద్రతా బృందం పంపేది +డెబ్12యూ1. రెండింటికీ ప్లస్ వరకు సమానం. తర్వాత పోలిక 'కె'కూ 'డి'కీ మధ్య. అక్షరక్రమంలో 'కె' తర్వాత వస్తుంది కనుక నా కడప ప్యాకేజీయే పెద్దది. 2023 సెప్టెంబరులో ఆ రంధ్రాన్ని పూడ్చిన సవరణ వచ్చినా, ఆప్ట్ దృష్టిలో అది నా దగ్గరున్నదానికంటే పాతది. తెచ్చి పెట్టదు, హెచ్చరించదు, వెనక్కి ఉంచిన ప్యాకేజీల వరుసలో కూడా చూపదు. అందరూ వాడే +లోకల్1కు కూడా ఇదే గతి, 'ఎల్' కూడా 'డి' తర్వాతిదే. కర్నూలువారికీ ఊరి పేరు అచ్చిరాదు. అనంతపురం పేరు పెట్టుకుంటే మాత్రం 'ఎ'తో మొదలవుతుంది కనుక మూలం కంటే పెద్దదై, భద్రతా సవరణ కంటే చిన్నదై, కావలసిన చోట సరిగ్గా కూర్చుంటుంది. అందుకే కడపలో కూర్చొని నేను కట్టే ప్యాకేజీలన్నిటికీ చివర అనంతపురమే ఉంటుంది. ఊరి అభిమానాన్ని ఈ మాత్రం వదులుకోవచ్చు. అనుమానం ఉన్నవారు డీపీకేజీకి ఉన్న కంపేర్-వెర్షన్స్ ఐచ్ఛికంతో రెండు రాతలను ఇచ్చి ఏది పెద్దదో అడిగి చూసుకోవచ్చు.

ఇంత సూక్ష్మంగా అంకె పెట్టుకున్న తర్వాత హోల్డ్ అవసరమే ఉండదు. పిన్ ప్రయారిటీ గురించి కూడా ఇదే మాట. సాధారణ రిపాజిటరీకి 500, ఇప్పటికే యంత్రంలో ఉన్నదానికి 100 అన్నవి ఆప్ట్ తన లెక్కలో తీసుకునే విలువలు. 1000 దాటితే, వెర్షన్ వెనక్కి పోవలసివచ్చినా సరే అదే పెట్టమని అర్థం. అంటే 1001 పెట్టినవాడు, ప్రపంచంలో ఏమి జరిగినా తన ప్యాకేజీనే పెట్టమని రాసిస్తున్నాడన్నమాట. నా లోకల్ రిపాజిటరీకి నేను 500కే వదిలేస్తాను, వెర్షన్ అంకెలు తమలో తాము తేల్చుకుంటాయి. ఎపోక్ అయితే మరీ ఘోరం, ఎందుకంటే అది ఒకసారి పెరిగితే మిగతా అంకెలన్నిటినీ ఎప్పటికీ దాటేస్తుంది, దాన్ని తగ్గించే మర్యాదైన దారి లేదు. హోల్డ్‌కు ఉన్న ఒక్క మంచిగుణం, అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా వెనక్కి ఉంచిన ప్యాకేజీలంటూ ఒక పంక్తి చూపించడం. కానీ రోజూ కనిపించే పంక్తిని కన్ను చదవడం మానేస్తుంది. ఇతరుల యంత్రాలు బాగుచేయడానికి కూర్చున్నప్పుడు నేను మొట్టమొదట, హోల్డులను చూపే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ నడుపుతాను. అందులో కనిపించేవి ఎందుకు పెట్టారో గుర్తున్న యజమానులు నాకు అరుదుగా ఎదురయ్యారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలికగా తీసిపారేయలేను. పెళ్ళిళ్ళ ముహూర్తాల కాలంలో శుభలేఖలు అచ్చువేసే చోట, పొద్దున యంత్రం తెరిచేసరికి సవరించుకున్న ప్రోగ్రాము మాయమై పాతది కనిపిస్తే, "ఇది కనిపించే నష్టం కదా, ఒక పూటే కదా" అన్న నా తర్కం వారికి ఊరటనివ్వదు. పైగా డెబియన్‌లో స్వయంచాలక అప్‌గ్రేడ్ ఉదయం ఆరు, ఏడు గంటల నడుమ నడిచేటట్లు ఉంటుంది. ఆ వేళకు యంత్రం ఆపి ఉంటే, తెరిచిన తర్వాత కొద్దిసేపటికి నడుస్తుంది. అంటే దుకాణంలో సరిగ్గా పని మొదలయ్యే వేళకు. ఆ అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే, దానికి మందు హోల్డ్ కాదంటాను. స్వయంచాలక అప్‌గ్రేడ్‌కు తనదైన మినహాయింపుల జాబితా ఉంది. ఆ ఒక్క ప్రోగ్రాము పేరు అందులో రాస్తే, దానంతట అది మారదు, కానీ మనిషి ఆప్ట్‌ను నడిపినప్పుడు కొత్తది వచ్చిందని కనిపిస్తుంది, ఎప్పుడు మార్చాలన్నది మనిషి నిర్ణయం అవుతుంది. లైబ్రరీ పేరు మాత్రం ఆ జాబితాలోకి ఎన్నడూ ఎక్కకూడదు. ఇంకా మంచిది ముందు చెప్పినట్లు దాన్ని వేరే పేరుతో, వేరే డైరెక్టరీలో పెట్టుకోవడం. పోటీ లేని చోట ఓటమి కూడా లేదు. ఇంటర్నెట్టుకు ఎన్నడూ కలపని, బయటి బొమ్మలు తెరవని యంత్రం అయితే, హోల్డ్ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ వినియోగదారులు వాట్సాప్‌లో పంపిన ఫోటోలను తెరవని ముద్రణాలయం రాయలసీమలో నేనైతే చూడలేదు.

కెర్నల్‌కు, అంటే లినక్స్ మూల భాగానికి, జతపడే మాడ్యూళ్ళ సంగతి వేరు. చవకగా దొరికే వైఫై డాంగిల్‌కు డ్రైవరు కట్టుకున్నవారికి, కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ కట్టడం తప్పదు, ఎందుకంటే లినక్స్ తన లోపలి ఏర్పాట్లను వెర్షన్ల మధ్య స్థిరంగా ఉంచుతానని మాట ఇవ్వదు. అందుకే డీకేఎంఎస్ ఉంది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు అదే కట్టి పెడుతుంది. కట్టలేకపోతే పాత కెర్నల్‌తో తెరుచుకోవచ్చు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడును నడవనివ్వని ఏర్పాటు) ఉన్న యంత్రంలో సంతకం సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడ నా సూత్రానికి పెద్ద పని లేదు.

ఇతర డిస్ట్రోలలో ఈ పోటీని రకరకాలుగా తీర్చుకున్నారు. స్లాక్‌వేర్‌లో ప్యాకేజీ పేరు చివర కట్టినవారి గుర్తు ఉంటుంది, దాన్ని అక్కడి అప్‌డేట్ పరికరమైన స్లాక్‌పీకేజీ బ్లాక్‌లిస్టులో ఒక నమూనాగా రాస్తే ఆ గుర్తున్నవన్నీ దాని చేతికి అందకుండా పోతాయి. అలా రాయనివాడు క్లీన్-సిస్టమ్ నడిపితే, డిస్ట్రోలో లేనివన్నీ తొలగింపు జాబితాలోకి వచ్చి కూర్చుంటాయి. ఆర్చ్‌లో బయటి ప్యాకేజీలన్నిటినీ ఒక్క ప్యాక్‌మ్యాన్ ఆదేశంతో చూడవచ్చు, కానీ లైబ్రరీ మారినప్పుడు వాటిని తిరిగి కట్టే భారం యజమానిదే. నా మెప్పు పొందినది జెంటూ. అక్కడ /ఈటీసీ/పోర్టేజ్/ప్యాచెస్ కింద ఒక ప్యాకేజీ పేరుతో డైరెక్టరీ చేసి మన ప్యాచ్ ఉంచితే, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని అతికించి కడుతుంది. అతకకపోతే నిర్మాణం ఆగి, కారణం చెబుతుంది. డిస్ట్రో ముందుకు పోతుంది, మన సవరణా దానితో పాటు పోతుంది, పోలేకపోతే అరుస్తుంది. డెబియన్‌లో ఇటువంటి ఏర్పాటు సిద్ధంగా లేదు. ఆప్ట్ పాలసీలో కొత్త వెర్షన్ కనిపించినప్పుడు మూలం దించి, ప్యాచ్ అతికించి, కట్టి, విఫలమైతే మెయిల్ పంపే స్క్రిప్టును మనమే రాసుకోవాలి. అది పెద్ద పనేమీ కాదు, మూడు నాలుగు పదుల పంక్తులతో తేలుతుంది.

అయితే ఆ స్క్రిప్టు పనిచేయాలంటే సవరణ మూలంలో కలిసిపోకుండా విడిగా ఉండాలి. సి.పి. బ్రౌన్ ఇదే కడపలో పండితులను పెట్టి తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులను సరిపోల్పించిన కాలంలో వాళ్ళకు ఎదురైన ఇబ్బందీ ఇటువంటిదే అయి ఉండాలి: లేఖకుడు తన దిద్దుబాటును పాఠంలోనే కలిపేస్తే, కవి మాట ఏదో లేఖకుడి మాట ఏదో తర్వాతివాడు తేల్చుకోలేడు. డెబియన్ మూల ప్యాకేజీలు సవరణలను విడి ఫైళ్ళుగా ఉంచేది ఇందుకే. ప్రతి ప్యాచ్ తలమీద అది ఎందుకు, ఎప్పుడు, మూల రచయితలకు పంపారా లేదా అన్నది నాలుగు పంక్తులు రాయడం నేను తప్పనిసరి చేసుకున్నాను. పంపడం ముఖ్యం. 2006లో డెబియన్‌లోనే, సంకేతీకరణ లైబ్రరీ అయిన ఓపెన్ఎస్ఎస్ఎల్ మీద చేసిన ఒక చిన్న సవరణ, ఒక తనిఖీ పరికరం చూపిన హెచ్చరికను తొలగించబోయి, రహస్య కీలను పుట్టించే యాదృచ్ఛికతనే దాదాపు హరించింది. చివరికి ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలి, ఒక్కో రకం కీకి ముప్పైరెండు వేల చిల్లర సాధ్యతలే ఉండేవి. 2008 మే నెలలో బయటపడే వరకు ఆ సవరించిన ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో డెబియన్, ఉబుంటు యంత్రాల్లో పుట్టిన కీలన్నీ ఆ బలహీనతతోనే పుట్టాయి. అంతటి అనుభవం, అంతమంది కళ్ళు ఉన్నచోటే అది జరిగిందంటే, మన గదిలో మనమొక్కరమే చదివిన ప్యాచ్ ఎల్లకాలం గెలవాలని పట్టుబట్టడంలో ఎంత అతిశయం ఉందో ఆలోచించాలి. మూల రచయితలు మన సవరణను తీసుకుంటే మన ప్యాకేజీ అవసరమే తీరిపోతుంది. తీసుకోకపోతే, ఎందుకు తీసుకోలేదో చెబుతారు. ఆ జవాబు చాలాసార్లు ప్యాచ్ కంటే ఉపయోగకరం.

ఇవన్నీ నిజంగా పరీక్షకు నిలిచేది విడుదల మారినప్పుడు. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. డెబియన్ 12లో టెసెరాక్ట్ 5.3.0 ఉండగా ఇందులో 5.5.0 ఉంది, లెప్టోనికా లైబ్రరీ 5వ ఇంటర్‌ఫేసు నుంచి 6కు మారి, ప్యాకేజీ పేరు కూడా మారింది. 5.3.0కు నా సవరణ చేర్చి అనంతపురం పేరున కట్టుకున్న ప్యాకేజీకి ఈ మార్పిడిలో ఏ సమస్యా రాదు, 5.5.0 ముందు దానంతట అదే ఓడిపోతుంది, దానితో పాటు పాత లెప్టోనికా అనాథగా మిగిలి, అక్కరలేనివాటిని తీసేసే ఆటోరిమూవ్‌లో పోతుంది. అదే ప్యాకేజీకి హోల్డ్ పెట్టి ఉంటే, పాత లెప్టోనికాను పట్టుకొని వేలాడుతుంది, దాన్ని కదపలేక ఆప్ట్ చిక్కుముడుల జాబితా చూపిస్తుంది. ఎపోక్ పెట్టి ఉంటే ఇంకా అన్యాయం, కొత్త విడుదలలోని 5.5.0ను చూసి నా 5.3.0యే కొత్తదని యంత్రం నమ్ముతుంది. కనుక విడుదల మార్చే ముందు నేను చేసే పనులు కొన్నే. హోల్డులు ఏవైనా ఉన్నాయేమో చూసి ఎత్తివేయడం, ఏ రిపాజిటరీలోనూ దొరకని ప్యాకేజీలను ఆప్ట్ చేత వడగట్టించి ఒక్కొక్కటీ ఇంకా కావాలా అని తేల్చుకోవడం, /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఖాళీగా ఉందని నిర్ధారించుకోవడం, లోకల్ రిపాజిటరీని తాత్కాలికంగా తీసివేయడం. కొత్త విడుదల కుదురుకున్నాక, ప్యాచ్‌ల డైరెక్టరీ తెరిచి, ఒక్కొక్కదాని తలమీది పంక్తులు చదివి, 5.5.0లో ఇప్పటికే చేరిపోయినవాటిని తీసిపారేసి, మిగిలినవాటిని మాత్రమే కొత్త మూలం మీద అతికించి చూస్తాను.